సున్నం తాగిన ఊపిరి

నాకు కోపం ఎక్కువ. ఈ ముక్క నోరు తెరిచి చెప్పడానికి నాకు నలభై ఏళ్లు దాటాల్సి వచ్చింది. మా ఇంట్లో కోపం ఎవరికైనా రావచ్చు, నాకు మాత్రం రాకూడదు. పళ్లెం కాస్త గట్టిగా పెట్టినా, తలుపు కాస్త విసురుగా వేసినా మా నాన్న వీరరాఘవయ్య తాపీగా తలెత్తి, "జాగ్రత్తమ్మా ఝాన్సీ, మీ అమ్మకి ఇట్టాగే మొదలైంది" అనేవాడు. అంతే, నా నోరు పడిపోయేది.

మా అమ్మ పేరు సామ్రాజ్యం. నాకు మూడో నెల నడుస్తుండగా నన్ను చంకనేసుకుని పెరట్లో నూతి దగ్గరికి వెళ్లిందట. లోపల పడేయబోతుంటే నాన్న పరుగెత్తుకెళ్లి లాక్కున్నాడట. ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్పిస్తే ఏడు తిరక్కుండానే విషజ్వరంతో పోయిందట. నేను అన్నంతో పాటు తిని పెరిగిన కథ ఇది. కన్నతల్లే చంపబోయిన పిల్ల అని చుట్టాలు నన్ను చూసి నాలుక చప్పరించేవాళ్లు. ఆ చప్పరింపు ఒక ఎత్తు, నాలో భయం ఒక ఎత్తు. ఆ పిచ్చి నా ఒంట్లో ఎక్కడ నక్కి ఉందో, ఏ రోజు బయటపడుతుందో అని కోపం వచ్చినప్పుడల్లా గుటకలు మింగుతూ బతికాను. పిల్లల్ని కనడానికి కూడా భయపడ్డాను. కనలేదు.

అలాంటిదాన్ని ఆ ఆస్పత్రి గేటు ముందు నిలబడ్డాను, నెత్తిన హెల్మెట్టు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మా యంత్రం.

ఆస్పత్రి మూతపడి పదేళ్లు దాటింది. ఆవరణంతా తుమ్మచెట్లు. ఆడవాళ్ల వార్డులో ఇనప మంచాలు తుప్పు పట్టి నేలకు అతుక్కుపోయాయి. కిటికీ ఊచలకు చీరపేలికలు కట్టి ఉన్నాయి, ఎవరు ఎందుకు కట్టుకున్నారో. గబ్బిలాల కంపు. తలుపులకు గడియలు బయటివైపే ఉన్నాయి, లోపలివైపు ఒక్కటీ లేదు. అది చూడగానే నా ఒళ్లు మండింది. అలవాటు ప్రకారం గుటక వేశాను.

స్థలాన్ని ఎవరో ప్రకృతి వైద్యశాల కట్టడానికి కొనుక్కున్నారు. అడ్డం వచ్చింది ఒక రిటైర్డు జడ్జిగారి కమిటీ. లోపల అసలు ఎంతమందిని ఉంచారు, ఎంతకాలం ఉంచారు, తేల్చి చెప్పాకే గోడలు కూల్చమంది. కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలినవి గోడలే. గోడల్ని చదివే యంత్రం దేశంలో మా ల్యాబులోనే ఉంది.

దాని అసలు పేరు శ్వాసలేఖిని. మేం ముక్కు అంటాం. గోడకు కొట్టిన తడి సున్నం దానంతటది ఆరదు. గదిలో గాలి పీల్చుకుని, మనం వదిలిన బొగ్గుపులుసు వాయువును తాగి రాయిగా గట్టిపడుతుంది. దానితో పాటు ఆ గదిలో పడుకున్న వాళ్ల ఊపిరి కూడా కొంత చిక్కుకుపోతుంది. మనిషి మనిషికీ ఊపిరి వేరు. పుట్టినప్పటినుంచీ పోయేదాకా మారని గుర్తు ఒకటి అందులో ఉంటుంది. ఈ ఆస్పత్రిలో ఏటా దసరాకు ముందు, కలెక్టరు తనిఖీకి వస్తాడని, గోడలకు సున్నం కొట్టించేవాళ్లు. పాతదాని మీదే కొత్తది. పూతరేకుల్లా పొర మీద పొర. ఒక్కో పొర నుంచి చిన్న పెచ్చు తీసి ముక్కులో వేసి కాలిస్తే, ఆ ఏడు అక్కడ ఎవరు ఊపిరి తీశారో, వాళ్ల వయసెంతో, వాళ్ల ఒంట్లో ఏ మందు ఉందో తెర మీద పడుతుంది. ఒక్కసారే. కాలిన పెచ్చు బూడిద, దానిలో ఊపిరి మళ్లీ దొరకదు.

పొద్దున్నే పని మొదలెట్టేముందు యంత్రం నడిపేవాళ్లు గొట్టంలో ఊదాలి. పెచ్చు తీసేటప్పుడు మన ఊపిరి ఎంతో కొంత కలుస్తుంది కాబట్టి, ముక్కు మనల్ని గుర్తుపట్టి, లెక్కలోంచి కొట్టేసి, మిగిలింది చూపిస్తుంది. నేను రోజూ బుద్ధిగా ఊదాను.

ఇక్కడ మా అమ్మ ఉండిందని నేను ఎవరికీ చెప్పలేదు, మెహరున్నీసాకు తప్ప. మెహరూ నేనూ ల్యాబులో ఒకేసారి చేరాం. మా పాతింట్లో, అమ్మా నాన్నా కాపురం చేసిన గదిలో, బీరువా వెనక గోడ మీంచి వాళ్ల పెళ్లయిన కొత్తలో వేసిన పూత ఒకటి గీక్కొచ్చాను. ఊపిరితిత్తుల పరీక్ష అని చెప్పి నాన్న చేత గొట్టంలో ఊదించాను. ఆయన ఛాతీ విరుచుకుని మరీ ఊదాడు. ఆ పెచ్చులో ఉన్న రెండు ఊపిర్లలోంచి ఆయనది తీసేస్తే మిగిలింది అమ్మది. అంత తేలిగ్గా దొరికింది.

వార్డులో కిటికీ పక్క మూల, అన్నిటికన్నా అడుగునున్న మొదటి పూత కాల్చగానే అమ్మ కనబడింది.

మెహరు నా భుజం పట్టుకుంది. "ఝాన్సీ, వార్డు ఏ ఏడు కట్టారో గుమ్మం మీద రాతి పలక చూశావా?"

చూశాను. నేను పుట్టడానికి ముందు ఏడు. అంటే మొదటి పూత కూడా ఆ ఏటి దసరాదే. నన్ను నూతిలో పడేయబోయిందని తెచ్చి పడేసిన మనిషి, నేను పుట్టకముందే ఇక్కడ ఊపిరి పీలుస్తూ ఉంది.

రెండో పూతలో అమ్మ. మూడో పూతలో అమ్మ. నాలుగు, ఐదు, అలా పైకి వస్తూనే ఉన్నాను, అమ్మ ఉంటూనే ఉంది. ఏడు తిరక్కుండా పోయిన మనిషి పూత తర్వాత పూతలో, నిద్రమందు కలిసిన ఊపిరితో, అదే మూల, అదే కిటికీ పక్కన. నేను ఫస్టు క్లాసులో పాసైన ఏడు ఉంది. నా పెళ్లి జరిగిన ఏడు ఉంది. ఆ పూత కాల్చేటప్పుడు పెచ్చు సగం కింద పడేసుకున్నాను.

మా డైరెక్టరు పరాంకుశం గారికి వెళ్లి చెప్పాను. ఆయన టీ ఊదుకుంటూ విన్నాడు. "ఒక పూత అటూ ఇటూ అయి ఉంటుందమ్మా. యంత్రమన్నాక పొరపాట్లుంటాయి. మీ ఇంటి గోడ శాంపిలు మీరే తెచ్చి మీరే పోల్చుకుంటే ఎవరు ఒప్పుకుంటారు? సొంత మనుషులున్న చోట పని చేయకూడదని తెలీదా?"

"ఒక్క పూత కాదు సార్, ఒక జీవితకాలం. ఒక్కో ఆడమనిషిని సగటున మూడు నెలలు ఉంచారని రిపోర్టులో రాయబోతున్నారు మీరు."

"మామూలుగా కట్టే లెక్కలో అంతే వస్తుంది. వచ్చే వారం పొక్లెయినర్లు వస్తాయి. మీరు బాగా ఎమోషనల్ అవుతున్నారు. కొన్నాళ్లు సెలవు పెట్టండి. ఎవరికైనా చూపించుకోండి, తప్పేం లేదు."

ఎవరికైనా చూపించుకోవాలట! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన చేతిలో టీ కప్పు లాక్కుని బయటికి విసరాలనిపించింది. విసిరితే ఏమంటాడో కూడా తెలుసు. నోరు మూసుకుని కార్డు తీసి బల్ల మీద పెట్టి ఇంటికొచ్చాను. వచ్చి దిండులో మొహం పెట్టి అరిచాను. ఇరుగుపొరుగు వినకూడదని దిండులో అరవడం నాకు చిన్నప్పటి అలవాటు.

నా బదులు మెహరు యంత్రం నడిపింది. గొట్టంలో తను ఊదింది. నేను చదివిన మూలలోనే మళ్లీ మొదట్నుంచీ చదవమన్నాడు పరాంకుశం, నాది తప్పని తేల్చడానికి. రెండో పూత పెచ్చు వేయగానే ముక్కు గీపెట్టింది. ల్యాబు సిబ్బంది ఊపిరి కలిసిందట. ఎవరిదయ్యా అంటే, ఝాన్సీది.

మధ్యాహ్నం మెహరు మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలెట్టింది.

"మాస్కు లేకుండా గోడ మీద ఊదావని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు ఆయన. కలుషితం అని రాసి పారేయమన్నాడు. నువ్వు మాస్కు తీయవని నాకు తెలుసు. ఒకవేళ తీశావే అనుకో, నీ ఊపిరి పైపూతలో పడాలి, అన్నిటిలో పడాలి. రెండో పూతలో మాత్రమే ఎందుకుంది?"

నాకు అర్థం కాలేదు.

"అది నీ ఊపిరే. కానీ ఇప్పటిది కాదు. అందులో వయసు చూశాను. తల్లిపాలు తప్ప ఇంకేమీ ఎరగని పిల్ల ఊపిరి అది, ఝాన్సీ. నువ్వు ఆ వార్డులో ఉన్నావు. మీ అమ్మ పక్కలో."

రోజూ పొద్దున్నే బుద్ధిగా గొట్టంలో ఊదాను కదా. ముక్కు నన్ను గుర్తుపట్టి, ఈవిడ మనమ్మాయే అని, ఆ గోడలోంచి నన్ను తుడిచేస్తూ వచ్చింది. నేనే నన్ను తుడిచేసుకుంటూ వచ్చాను.

"ఇంకోటి విను," మెహరు గొంతు తగ్గించింది. "ఆ పూతలో మాత్రం మీ అమ్మ ఊపిరిలో మందు లేదు. చుక్క కూడా లేదు. పాలిస్తుందని ఆపేసినట్టున్నారు. మిగతా అన్ని పూతల్లోనూ మందే."

అప్పుడు ఏడ్చాను. నన్ను చంపబోయిందట! ఏ మందూ లేకుండా, బయట గడియ పెట్టిన గదిలో, ఒక పసిగుడ్డుకి పాలిచ్చి బతికించింది ఆవిడ. ఆ నెలల్లో నాకు ఏ హానీ జరగలేదనడానికి సాక్ష్యం నేనే, ఇంత లావున, ఇక్కడ కూర్చుని ఉన్నాను. నన్ను ఆమె పక్కలోంచి ఎప్పుడో ఎత్తుకొచ్చారు. మూడో పూతలో నేను లేను, ఆమెకు మందు మళ్లీ మొదలైంది.

మెహరు చిన్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. "చివరి పూత. ఆస్పత్రి మూసేముందు వేసింది. నువ్వు ఇక్కడిదాకా చదవలేదు, ఆ మూల మిగతాదంతా రాలిపోగా ఈ ఒక్క పెచ్చే మిగిలింది. ఇది నేను కాల్చలేదు, ఆయనకూ చూపించలేదు. దీనిలో ఆమె ఉంటే, మూసేనాటికి బతికున్నట్టు. కానీ కాలిస్తే పోతుంది. అదే ఆమె చివరి ఊపిరి అయితే..."

"వద్దు. దీన్ని కాల్చేముందు ఒక మనిషిని నోటితో అడగాలి."

"మిగతా మూలలు కూడా చదివాను," అంది వెళ్లబోతూ. "ఇంకా పిల్లలున్నారు. నువ్వు ఒక్కదానివే కాదు." ఆ సాయంత్రమే తను తీసిన రీడింగులన్నీ డైరెక్టరు చేతి మీదుగా కాకుండా నేరుగా జడ్జిగారికి పంపింది. వార్డుకు సీలు పడింది, పొక్లెయినర్లు గేటు బయటే ఆగాయి. మెహరు ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. అడిగితే నవ్వుతుంది.

ఆ మర్నాడు మా అమ్మ తద్దినం.

ఏటా కార్తీకంలో నాన్న చేస్తాడు, ఘనంగా. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ వంటలో చెయ్యి వేశాను. గారెలు చేశాను, గోంగూర నూరాను, కాకి ముట్టకపోతే అమ్మకి నా మీద ఇంకా కోపం పోలేదేమోనని పెరట్లో నిలబడి ఏడ్చాను కూడా. ఈసారి వెళ్లేసరికి వసారాలో పంతులుగారు దర్భలు సర్దుతున్నారు, చుట్టాలు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు, నాన్న తడిబట్టతో పీట మీద ఉన్నాడు. ఆయన ముందు విస్తట్లో పిండాలు.

"ఇంత ఆలస్యమా? కాళ్లు కడుక్కుని రా," అన్నాడు.

"అమ్మ నన్ను ఎక్కడ కన్నది నాన్నా?"

పంతులుగారి మంత్రం ఆగింది.

"పిండాలు పెడుతుంటే అడిగే మాటా ఇది?"

"ఎవరికి పెడుతున్నావో తెలియాలిగా మరి. ఈ ఇంట్లో కన్నదా, ఆస్పత్రిలో కన్నదా?"

"గొంతు తగ్గించు." ఆయన గొంతు మాత్రం చల్లగానే ఉంది. "జాగ్రత్తమ్మా. మీ అమ్మకి ఇట్టాగే మొదలైంది."

"ఎట్టాగా? అదే చెప్పమంటున్నా. ఎట్టా మొదలైంది?"

గుటక వేయలేదు ఈసారి. వసారా దద్దరిల్లేలా అరిచాను. ఆస్పత్రి గోడ గురించి, నా ఊపిరి గురించి, పాల గురించి ఒక్కటీ వదలకుండా చుట్టాలందరి ముందూ చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"నా చెంప పగలగొట్టింది!" అని లేచాడు. "మన ఎరువుల కొట్టు ముందు, బజారంతా చూస్తుండగా! కడుపుతో ఉన్న ఆడది మొగుడి మీద చెయ్యెత్తుద్దా? మతి ఉన్నది ఎత్తుద్దా? డాక్టరు కూడా అదే అన్నాడు. నేనూ ఆయనా సంతకం పెట్టాం."

"అంతకు ముందు నువ్వేం చేశావు?"

పక్కనున్న పెదనాన్న సర్దబోయాడు. "ఒక దెబ్బేశాడులే అమ్మా. మామూలేగా ఇళ్లల్లో. ఆవిడ తిరగబడటమే..."

ఒక దెబ్బకు ఒక దెబ్బ. ఆయన కొట్టిందేమో మామూలు, ఆవిడ కొట్టిందేమో పిచ్చి. ఆ లెక్కన ఒక మనిషిని ఆడవాళ్ల వార్డులో పాతేశారు.

"మరి నూతి కథ?"

"నాలుగేళ్లప్పుడు అమ్మ కావాలని ఊరికే ఏడిచేదానివి," అన్నాడు నాన్న, నా మీదే తప్పున్నట్టు. "ఎంత చెప్పినా ఊరుకోవు. భయపెడితే ఊరుకుంటావని చెప్పా. ఊరుకున్నావు."

డబ్బా తీసి పిండాల పక్కన పెట్టాను. "ఆస్పత్రి మూసేముందు వేసిన పూత ఇది. దీన్ని కాలిస్తే అమ్మ అప్పటికి ఉందో లేదో యంత్రం చెప్పుద్ది. కాల్చమంటావా, నువ్వే చెప్తావా?"

ఆయన ఆ డబ్బా వంక పామును చూసినట్టు చూశాడు.

"మూసేటప్పుడు మనిషిని పంపారు. వచ్చి తీసుకెళ్లమన్నారు," అన్నాడు చివరికి. "ఏం మొహం పెట్టుకుని తెచ్చేది? ఏటేటా ఊరంతా ఆవిడ తద్దినం భోజనాలు తిన్నోళ్లేగా. చీరాల అవతల సముద్రం ఒడ్డున ఆశ్రమం ఏదో ఉంది, అక్కడికి పంపుతామన్నారు. సరే అన్నా."

పంతులుగారు దర్భలు కింద పెట్టేశారు. బతికున్న మనిషికి ఇన్నేళ్లూ పిండాలు పెట్టించారా అని గొణిగారు. నేను వంగి ఆ విస్తరి పిండాలతో సహా ఎత్తి నాన్న ఒళ్లో పెట్టాను.

"ఇవి నీ దగ్గరే ఉంచుకో," అన్నాను.

"దీనికీ పిచ్చి పట్టింది," అంది వెనకనుంచి ఎవరో చుట్టం.

"పట్టలేదు. కోపం వచ్చింది," అన్నాను వెనక్కి తిరిగి. డబ్బా తీసుకుని అటునుంచి అటే బస్టాండుకు వెళ్లాను.

ఆశ్రమం కనుక్కోవడం కష్టం కాలేదు. రేకుల షెడ్లు, సరుగుడు చెట్లు, ఆరేసిన దుప్పట్లు. అక్కడి పనులు చూసే ఎస్తేరమ్మ అనే ఆవిడ నా మాటంతా విని, ఎటూ తేల్చుకోలేనట్టు నా మొహంలోకి చూసింది.

"సామ్రాజ్యం గారి అమ్మాయివా? ఇన్నేళ్లలో ఒక్కళ్లూ రాలేదే ఆవిడ కోసం. రా. కాకపోతే కాస్త దూరంగా కూర్చో తల్లీ. ఆవిడికి కోపం జాస్తి. మొన్న కంపౌండరు మీదికి గ్లాసు విసిరింది. మాత్రలన్నీ ఎప్పుడో ఆపేశాం, ఇక్కడికొచ్చాక రోగం గీగం ఏమీ కనబళ్లా. ఒట్టి కోపం."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. అన్నేళ్లు మందు పోసినా చావలేదన్నమాట ఆ కోపం.

వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. తెల్లజుట్టు, చిన్న మనిషి, వేళ్లు మాత్రం మొద్దుబారి పెద్దవిగా ఉన్నాయి. టీలో చక్కెర చాల్లేదని ఎవర్నో కడిగేస్తోంది. నేను దూరంగా కూర్చోలేదు. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఎవరే?"

"నీ కూతుర్ని."

"నా కూతురా!" కళ్లు చికిలించింది. "నా కూతుర్ని పాలు మరవకముందే ఎత్తుకుపోయాడు ఆ సచ్చినోడు. అడిగితే సూది పొడిచారు. నువ్వెవరు మధ్యలో?"

"అమ్మా, నేనే ఆ పిల్లని."

ముందుకు వంగి, నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ ఊపిరి నా చెంపకు తగిలింది, వెచ్చగా. ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది.

"ఇప్పుడా రావడం?" అని నా భుజం మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే. "ఇన్నాళ్లూ ఏం చేస్తన్నావే?"

నీకు తద్దినం వంట చేస్తన్నా అని ఎలా చెప్పను? అమ్మ కన్ను నా చేతిలో డబ్బా మీద పడింది. లాక్కుని మూత తీసి, పెచ్చును రెండు వేళ్లతో పట్టుకుని ఎండలోకి ఎత్తి చూసింది.

"ఇది ఆ గోడది. నీలిమందు ఇంత ఎక్కువ కలిపేది అక్కడే. దసరా వస్తే మా చేతే కొట్టించేవాళ్లు, దొంగ సచ్చినోళ్లు. నా మంచం మూలంతా నేను వేసిందే." మొద్దుబారిన ఆ వేళ్లకేసి చూసుకుంది. తర్వాత నా వంక ఉరిమి చూసింది. "దీన్ని పట్టుకుని ఊరేగుతున్నావేంది? పారెయ్."

నేను కదలకపోయేసరికి తనే విసిరింది. పెచ్చు సరుగుడు చెట్ల కింద ఇసకలో పడింది. చదవని ఆఖరి పూత. దాని కోసం లేవాలని నాకు అనిపించలేదు.

"సున్నం తెస్తే తినే సున్నం తేవాలి. ఆకులు తేవాలి, వక్కలు తేవాలి. ఒట్టి చేతుల్తో కన్నతల్లిని చూడ్డానికి వస్తారటే ఎవరైనా? ఎవరు పెంచారో నిన్ను, బుద్ధి లేకుండా!"

"తెస్తానమ్మా," అని లేచాను.

"లేత ఆకులు చూసి తే. ముదురువి తెచ్చావంటే నీ మొహాన కొడతా."

రోడ్డు దాటితే కిళ్లీ కొట్టు ఉందని ఎస్తేరమ్మ చెయ్యి చూపించింది. నేను పరుగులాంటి నడకతో బయల్దేరాను. వెనకనుంచి అమ్మ ఇంకా తిడుతూనే ఉంది. గేటు దాటేదాకా నాకు వినబడుతూనే ఉంది.